పడవకు ముందు రేవు: పార్వతీపురం మన్యం జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ



2022 ఏప్రిల్ 4వ తేదీన పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు పంపకములో మాకు కొండలు వచ్చినవి, అడవులు వచ్చినవి, ఏఱులు వచ్చినవి. సముద్రము మాత్రము రాలేదు. పటమును ఎటు త్రిప్పి చూచినను ఈ జిల్లాకు తీరరేఖ కనబడదు. అయినను ఏటేటా వానకాలము సమీపించునప్పటికి ఇక్కడ వినబడు మాట పడవ మాటయే. కొమరాడ మండలములో నాగావళి ఆవలి ఒడ్డు పల్లెలవారు పడవ కావలెనందురు. తోటపల్లి జలాశయపుటంచున చేపలు పట్టువారు పడవ కావలెనందురు. ఆ జలాశయమును చూడవచ్చు పట్టణవాసులు సైతము విహారమునకొక పడవ యుండిన బాగుండునందురు. ఈ మూడు కోరికలను విని, సముద్రతీరమునుండి పడవలను లారీలకెక్కించి తెప్పించిన సరిపోవునని సలహా చెప్పువారు మన నడుమ పెరుగుచున్నారు. ఆ సలహా తమ బల్లమీదికి వచ్చునప్పటికి దానితోపాటు ఈ లేఖయు తమ దృష్టికి రావలెనని నా ఆశ.

పడవలు వద్దని నేననను. ఏఱు దాటి తెప్ప తగలవేయువారిని గూర్చి మనకు సామెత కలదు గాని, తెప్ప తెచ్చి ఏటి సంగతి మఱచువారిని గూర్చి సామెత లేదు. ఆ లోటు మన జిల్లావలన తీరకుండవలెనని మాత్రమే నా మనవి.

ముందుగా ఆ ఏటి సంగతి. ఒడిశాలోని కలహండి జిల్లాలో, లఖబహల్ దగ్గఱ కొండలలో పుట్టి, రాయగడ మీదుగా దిగి, కొమరాడ వద్ద మన నేల ప్రవేశించి, గుంప సోమేశ్వరస్వామి సన్నిధిని ఝంఝావతిని కలుపుకొని, తోటపల్లి, పాలకొండ ప్రాంతములు దాటి, శ్రీకాకుళము నానుకొని కళ్లేపల్లి దగ్గఱ కడలిలో కలియు నాగావళి నడక మొత్తము 256 కిలోమీటర్లు. కరవునాడు బలరాముడు తన నాగలితో గీచిన చాలు వెంట ఈ నది వచ్చినదనియు, పాయకపాడు మొదలు కళ్లేపల్లి వఱకు దీని యొడ్డున ఐదు శివలింగములను ఆయనయే ప్రతిష్ఠించెననియు పెద్దలు చెప్పుదురు. నీటిని లాగుకొని రాగలిగిన ఆ కాలమువారికి పడవను లాగుకొని రావలసిన అగత్యము లేకపోయినది. మనకా సౌకర్యము లేదు గనుక నది గుణమెఱిగి నడుచుకొనవలసియున్నది. ఆ గుణమేమనగా, పైకొండలలో రాత్రి కురిసిన వాన ఉదయమునకు ఇక్కడ వఱదయై దిగును. వేసవిలో అదే నది ఇసుకమేటల నడుమ పాయలు పాయలుగా చీలి, చాలచోట్ల మోకాటిలోతున మిగులును. శ్రావణములో నిలువులోతు నీటిపై నడచిన పడవ చైత్రములో ఇసుకపై ఒరగి పడియుండుట రేవు రేవునను చూచుచున్నదే.

ఈ నదిపై ఇంతకాలము నడచిన నాటుపడవ అందచందములు లేనిది. దానికి అడుగు బల్లపరుపు, అంచులు పొట్టి, ముక్కు మొద్దు. దానిని నడుపువాడు తెడ్డును నమ్మడు, గడను నమ్మును. వెదురుగడ నేలకు తగిలినంతవఱకు నది వాని చెప్పుచేతలలోనిదే, గడకు నేల అందని నాడు పడవ తీయడు. సంతకు పోవు జాతాపు, సవర గిరిజనులు, చౌకబియ్యపు మూటలు, బడికి పోవు పిల్లలు, కాన్పుకు పోవు గర్భిణులు దాని మీదనే దాటినారు. కొండ మీదినుండి రేవు వఱకు డోలీలో మోసికొని వచ్చిన రోగిని రేవులో పడవకెక్కించి, ఆవలి యొడ్డున మరల మోతకెత్తుకొనుట ఇక్కడివారికి వింత కాదు. పూర్ణపాడు, లాబేసుల నడుమ తలపెట్టిన వంతెన ఆగి ఆగి సాగిన కథ తమ కార్యాలయపు దస్త్రములకు నాకంటె బాగుగా తెలియును. ఆవలి పల్లెలకు నిజమైన పరిష్కారము వంతెనయే. పడవ దానికి బదులు కాజాలదు. వంతెన కోసము ఎదురుచూచినంతకాలము పడవ యుండకతప్పదు గనుక, ఉన్న పడవ మంచిదై యుండవలెనన్నంతవఱకే నా వాదము.

తోటపల్లి సంగతి వేఱు. అక్కడ 1908లో కట్టిన పాత రెగ్యులేటరు నదిని నిలిపినది తక్కువ, మళ్లించినది ఎక్కువ. సర్దార్ గౌతు లచ్చన్న పేర వెలసిన బారేజి 2015 సెప్టెంబరు 10న ప్రారంభమైన పిదప, చిన్న తిరుపతిగా జనము కొలుచు వేంకటేశ్వరాలయపు చెంత, నది నది వలె గాక ఒక విశాలమైన మడుగు వలె నిలుచుట మొదలైనది. పొలములుండిన చోట నీరు నిలిచినది. కొందఱు ఇండ్లు విడిచి లేచిపోయినారు. ఆ నీటిని చూచుకొని మఱికొందఱు బ్రతుకుతెరువుకై వచ్చుచున్నారు. ఇంతకుముందు లేని ఒడ్డొకటి పుట్టినది. ఆ ఒడ్డున పెద్ద పడవ దిగుటకు రేవును, దానిని కట్టుటకు గుంజను కూడ అప్పుడే తలచుకొనియుండవలసినది.

ఇక తీరమునుండి పడవ రావలసిన దారి సంగతి. విశాఖపట్నమునుండి విజయనగరము, రామభద్రపురము, బొబ్బిలి మీదుగా పార్వతీపురమునకు నూటనలుబది కిలోమీటర్లకు పైబడిన దారి. ఈ ప్రాంతమునకు 1908-09లో రైలు వచ్చినది, 1931లో ఆ దారి రాయపూరు వఱకు సాగినది. నాటినుండి నేటివఱకు సరకు కొండనుండి కడలికి దిగుటయే ఇక్కడి ఆచారము. కడలినుండి కొండకెక్కు సరకులలో పడవ యొకటి యుండునని ఎవరును అనుకొనియుండరు. ఆమధ్య నేనొకదానిని చూచితిని. భీమునిపట్టణము వైపునుండి వచ్చి జలాశయపుటంచున కొత్త కాపురము పెట్టదలచిన జాలరి కుటుంబమొకటి తమ ఫైబరు పడవను లారీపై వేసికొని మా పట్టణపు ప్రధానవీధిని పోవుచుండెను. పడవ ముక్కు డ్రైవరు గది మీదికి, తోక వెనుక తలుపు దాటి బయటికి, తోకకొక ఎఱ్ఱగుడ్డ. అడుగున పాతటైర్లు, గడ్డి కుక్కిన గోనెలు. పడవలో నిలువబడిన కుఱ్ఱవాడొకడు చివర పంగ గల వెదురుతో వీధికి అడ్డముగా వ్రేలాడు తీగల నొకదాని తరువాత నొకటిగా ఎత్తి పట్టుచుండెను; వెనుక బస్సులు, ఆటోలు కూతలు పెట్టుచుండెను. లారీ టీకొట్టు ముందాగినప్పుడు ఆ యింటి ముసలి పెద్ద టీ మాట తలపెట్టక, పడవ క్రిందికి వంగి పిడికిలితో అడుగును తట్టి తట్టి చెవి యొగ్గి వినుచుండుట చూచి, ఏమి వినుచున్నావని అడిగితిని.

"ఎక్కడైనా డొల్ల పలుకుతాందేమో సూత్తన్నాను బాబూ," అన్నాడు. "సంద్రంలో కెరటం పడవంతటికీ తగుల్తాది. లారీలో గతుకు ఒక్కసోటే తగుల్తాది."

నౌకానిర్మాణశాస్త్రము చదివినవాడు దీనికంటె పొందికగా చెప్పలేడు. నీటిపై నున్న పడవకు నీరు అడుగంతటను సమముగా ఆసరా యిచ్చును. లారీపై నున్న పడవకు రెండు మూడు చోట్ల మాత్రమే ఆసరా దొరకును. ఆ రెండు మూడు చోట్లను మన రోడ్ల గుంతలన్నియు వచ్చి పొడుచును. ఫైబరు పడవకు పైపూతలో వెండ్రుకవాసి బీటలు పడును, అవి రేవులో దింపిన నాడు కనబడవు, వఱద నాడు కనబడును. కొయ్యపడవ గతి ఇంకొక విధము: దారిలో ఎండకు, గాలికి బల్లలు ఎండి ముడుచుకొని అతుకులు విడును, నీటిలో దింపినంతనే లోపలికి నీరూరును, బల్లలు మరల నాని ఉబ్బి అతుకులు మూసికొనువఱకు తోడుకొనుచు కూర్చుండవలెను. ఇది తెలియని వాడు ఆ పడవకు చిల్లులున్నవని నిందించును. తెలిసిన వాడు మొదటినాడు దాని మీద మనిషిని ఎక్కింపడు.

దారిలో చట్టమును కలదు. మోటారు వాహనముల నియమములు బండి వెడల్పును 2.6 మీటర్లకు మించనీయవు; సరకు ప్రక్కకు గాని వెనుకకు గాని పొడుచుకొని వచ్చినచో 2019 నాటి సవరణ చట్టము ప్రకారము ఇరువది వేల రూపాయల జరిమానా, దానిని దింపించు ఖర్చు అదనము. తోకకు కట్టిన ఎఱ్ఱగుడ్డ ఆ నేరమును మాపదు. ప్రభుత్వము తెప్పించు పడవకైనను ఈ నియమములు వర్తించును. ముందుగా అనుమతి పొంది, దారిలోని తీగల ఎత్తును, విద్యుత్తు రైలుమార్గపు గేట్ల వద్ద కట్టిన ఎత్తుకమ్మీలను, వంపులను ఒకసారి కొలిపించినచో సగము తిప్పలు తప్పును. ఆ పని వఱద వచ్చిన రాత్రి చేయగలిగినది కాదు.

ఇంత శ్రమపడి వచ్చిన సముద్రపు పడవ మంచినీటిలో ఎట్లుండునో కొంచెము వివరింపనిండు. ఉప్పునీటి బరువు మంచినీటి బరువు కంటె నూటికి రెండున్నర పాళ్లు అధికము. కనుక అదే పడవ, అదే బరువుతో, సముద్రములో మునిగినదానికంటె నాగావళిలో ఆ మేరకు ఎక్కువగా మునుగును. ఇది స్వల్పమే, కాని అంచు వఱకు జనము నెక్కించు అలవాటున్న రేవులో స్వల్పమన్నది లేదు. అంతకంటె ముఖ్యమైనది అడుగు. ఒడ్డున విరుగు కెరటమును చీల్చుకొని పోవుటకు ఎత్తిన ముక్కు, కోసుగా దిగిన అడుగు గల పడవ భీమునిపట్టణములో మంచిది; కొమరాడ ఇసుకమేటపై అది తగులుకొనిపోవును, తగులుకొన్నచోటనే ప్రక్కకు ఒరగును. దాని వెనుకనుండు ఇంజను పంకా ఇసుకను, గుఱ్ఱపుడెక్కను పట్టి నిలిచిపోవును. అప్పుడు మనకు మరల ఆ వెదురుగడయే గతి. కాని ఆ పడవపై గడ వేయువాడు నిలువవలసిన చోటును కట్టినవాడు ఏర్పఱచియుండలేదు.

పడవను దూరాభారము తరలించుటలో ప్రపంచము చూచిన సాహసములలో నాకు మిక్కిలి నచ్చినదొకటి తమకు మనవి చేయుదును. పెరూ ప్రభుత్వము టిటికాకా సరస్సు కోసము యవారి, యపురా అను రెండు ఇనుపనావలను ఇంగ్లండులో కట్టించి, 2,766 ముక్కలుగా విప్పించి, 1862లో సముద్రము దాటించినది. రేవునుండి టక్నా వఱకు రైలు; అటుపై ఆండీసు పర్వతములలో కంచరగాడిదలు, మనుషుల మోపులు. మోయగల బరువును బట్టి ముక్కలు కోయించినను, దారిలో యుద్ధములు, తగవులు వచ్చి, సముద్రమునకు 3,800 మీటర్ల ఎత్తున నున్న ఆ సరస్సులో యవారి దిగునప్పటికి 1870 క్రిస్టమసు వచ్చినది. దిగిన పిదప ఆ కొండపై బొగ్గు దొరకలేదు. ఆ నావవారు ఏమి చేసిరనగా, అక్కడ మందలు మందలుగా దొరకు లామాల ఎండుపేడను పొయ్యిలో వేసి ఆవిరి పుట్టించిరి. ఎనిమిదేండ్ల ఆలస్యమును చూచి నవ్వువారుందురు. నేను ఆ పేడను చూచి గౌరవించుచున్నాను. ఇంగ్లండు ఇనుమునకు ఆండీసు పేడను జతపఱుప నేర్చినవారికి గాని కొత్త నీటిపై నావ నడపుట సాధ్యము కాదు. మన జిల్లాకు తెచ్చు పడవలోని ఇంజను చెడిపోయిన నాడు దానిని విప్పగల మేస్త్రి ఎక్కడనున్నాడు? విశాఖపట్నపు రేవులో నున్నాడనిన, ఆ పడవ సంవత్సరములో ఎన్ని మాసములు మా రేవులో బోర్లపడియుండునో ఊహించుటకు జ్యోతిషము అక్కఱలేదు.

తీరమునుండి లోతట్టుకు పడవలు పోయి గొప్ప మేలు చేసిన ఉదాహరణ లేకపోలేదు. 2018 ఆగస్టులో కేరళము మునిగినప్పుడు, కొల్లము, అలప్పుళ, తిరువనంతపురము తీరముల జాలరులు 600కు పైగా పడవలను లారీలపై వేసికొని చెంగన్నూరు మొదలైన లోతట్టు ఊళ్లకు పోయి వేలకొలది ప్రాణములను కాపాడిరి. ఆ కథను మెచ్చుకొనువారు పడవలను మెచ్చుకొందురు. కాని లారీపై పడవతో కూడ పడవవాడును ఎక్కినాడని, ఆ పడవ చెక్క చెమర్చు ప్రతి చోటును వానికి తెలియునని, గోడ తగిలినప్పుడు ఎటు త్రిప్పవలెనో వాని చేతికే తెలియునని గుర్తింపరు. పడవ ఒక్కటే పోయియుండినచో చెంగన్నూరు వీధులలో అది అడ్డముగా నిలిచియుండెడిది.

దీనికి ప్రతికూలమైన ఉదాహరణ మన రాష్ట్రములోనే కలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణపై ప్రకాశం బారేజికి అది మునుపెన్నడు ఎఱుగని 11.43 లక్షల క్యూసెక్కుల వఱద వచ్చి, ఎగువ తీరమున నిలిపియుంచిన బరువైన పడవలు కట్లు తెంచుకొని కొట్టుకొనివచ్చి దాని గేట్లకు తగులుకొన్నవి. గేట్ల ప్రతితూకపు దిమ్మెలు విఱిగినవి. ఆ పడవలను తొలగించుటకు రోజులకొలది క్రేనులు, మునకగాండ్రు శ్రమింపవలసివచ్చినది. తోటపల్లియు బారేజియే. దాని ఎగువన మనము తెచ్చి విడుచు ప్రతి పడవయు, గట్టి గుంజకు గట్టి మోకుతో కట్టబడనినాడు, దిగువనున్న గేట్లకు ఎదురువచ్చు దుంగయే. ఝంఝావతిపై రాజ్యలక్ష్మీపురము వద్ద 2006 జనవరి 1న ప్రారంభమైన రబ్బరు ఆనకట్ట విషయమును ఇందులో కలుపుకొనవలెను: రబ్బరును ఉబ్బించిన నీరు నిలుచును, దించిన దిగువకు పాఱును, దించు సంగతి దిగువ రేవులోని పడవవానికి ముందుగా చేరవలెను గదా.

ఇంకొక చిక్కును గూర్చి చెప్పక తప్పదు. ఇది ఇనుముది కాదు, మనుషులది. మన ఉత్తరతీరపు జాలరులలో కొందఱు చిరకాలముగా నాగార్జునసాగరము, శ్రీశైలము జలాశయముల యొడ్డులకు కుటుంబములతో వలసపోయి గుడిసెలు వేసికొని జీవించుచున్నారు. పడవతోపాటు వారి వలలును పోయినవి. సన్నకన్ను అలివివలలు చేపపిల్లలను సైతము ఊడ్చుకొనిపోవుచున్నవని అక్కడి స్థానిక మత్స్యకారులకును, ఒడ్డున చేపలతో పొట్ట పోసికొను చెంచులకును వీరికిని తగవులు వచ్చినవి. పొట్ట చేతపట్టుకొని వచ్చినవారిని నేను తప్పు పట్టను. తోటపల్లి యొడ్డున ఆ చరిత్ర మరల జరుగకుండవలెననిన, ఎవరి పడవ, ఏ వల, ఏ మాసమున అన్నది కొత్త కుటుంబములు దిగకముందే ఆ ఒడ్డు గ్రామములవారిని, ముంపున భూములు పోగొట్టుకొన్నవారిని పిలిచి తేల్చవలెను. ముంపునకు తన పొలము నిచ్చినవాడు ఆ నీటిలో చేపను కూడ పరులకే విడువవలెననుట న్యాయముగా తోచదు.

విహారపు పడవను గూర్చి ఒక్క మాట చాలును. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద మునిగిన పడవలో 77 మంది యుండిరి. కాకినాడ ధర్మాడి సత్యం బృందము దానిని అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయినది. నాటి తరువాత పడవల పరీక్షను గూర్చి, అనుమతులను గూర్చి మనము చాల మాటలాడుకొన్నాము. 2021లో దేశమునకంతటికి కొత్త అంతర్దేశీయ నౌకల చట్టమును వచ్చినది. సముద్రమున చేపలవేటకు నమోదైన పడవ, కాగితములు మార్చుకొనకుండ, పరీక్ష జరుగకుండ, మా జలాశయములో జనము నెక్కించుకొని తిరుగరాదు. రక్షకకంచుకము (లైఫ్ జాకెట్టు) పెట్టెలో నుండుట చాలదు, ఒంటిపై నుండవలెను. ఈ వాక్యము వ్రాయవలసివచ్చుటయే నాకు సిగ్గుగా నున్నది.

కావున తమకు నా ప్రార్థన. ఈ సంవత్సరము పడవల కొఱకు కేటాయించు సొమ్ములో కొంత భాగమును పడవకు గాక రేవుకు వ్యయపఱుపుడు: వఱద మట్టమునందును వేసవి మట్టమునందును బండి చక్రము దిగబడకుండ నీటి వఱకు దిగు ఏటవాలు రాతిపరుపు, దానికి రెండువైపుల గట్టి ఇనుపగుంజలు, ఎన్ని అడుగుల నీటిలో పడవ నడుపరాదో తెలుపు గీటుగల కొలతకంబము. పడవ యెట్టిదో గుత్తేదారు నిర్ణయింపక మునుపు గడ వేయు నాటుపడవవారిని నలుగురిని పిలిపించి, వారి చేత ఒక ఎండకాలము, ఒక వానకాలము ఆ నీటిని చూపించుకొనుడు. వీలున్నచో తీరమునుండి పడవకు బదులు పడవ కట్టు మేస్త్రిని రప్పించి, అడుగు బల్లపరుపుగా ఇక్కడనే కట్టించుడు. మేస్త్రి బస్సులో రాగలడు. వానికి ఎఱ్ఱగుడ్డ కట్టనక్కఱలేదు. ఒడ్డు పల్లెల జాతాపు, సవర యువకులకు పడవ నడపుటలోను, ఇంజను విప్పి బిగించుటలోను శిక్షణ యిచ్చి, నెలజీతముపై నియమింపుడు. రోజుకూలిపై నియమించిన వాడు కూలి కోసము వఱదలో సైతము పడవ నడుపును. వఱద రాత్రి తీరమునుండి నిజముగా పడవలు రావలసివచ్చినచో, ఏ లారీ, ఏ దారి, ఏ పడవవాడు, ఏ రేవున దించుట అన్నది ఆషాఢములోపలనే కాగితముపై వ్రాసి, ఆ కాగితమును పోలీసు, రవాణా, జలవనరుల శాఖలవారికిని, విద్యుత్తు సంస్థవారికిని చేర్పింపుడు.

తాము రేవు చూడదలచినచో పొలము పనుల దినములలో, సంత జరుగు ఉదయమున, ముందుగా తెలుపకుండ రండు. ఆనాడు పడవ కెక్కువారి బరువును, వారి మూటల బరువును ఎవరును తగ్గించి చూపరు.

ఇట్లు,
తమ విధేయుడు,
నాగావళి నీరు త్రాగు ఒక పార్వతీపుర వాస్తవ్యుడు